సముద్రంలో ఉన్న ఇల్లు

మంచినీళ్ళబండ్లకు డ్రైవర్లు లేని కాలమది. మ్యాపులో పాయింటు పడిన ఇంటిముందే అవి ఆగేవి. ఇల్లిల్లూ తిరిగి ఆ పాయింట్లు పెట్టడమే సత్యవేణి ఉద్యోగం.

ఆ ఉదయం సముద్రపొడ్డున మిగిలిన ఒకే ఒక్క ఇంటి గడపలో నిలబడి ఆమె ఫోను పైకెత్తింది.

"మీరు సముద్రంలో ఉన్నారు. ఇక్కడ ఇల్లు చెల్లదు" అంది యాప్.

పదేళ్ళ తర్వాత కెరటం ఎందాకా వస్తుందో లెక్కకట్టి, మ్యాపులో అంతమేరా ఇప్పుడే నీలం పూసేశారు.

"ఏటంటందమ్మా?" ఖాళీ బిందెతో నిలబడ్డ నూకాలు మామ్మ అడిగింది.

"నీ ఇల్లు సముద్రంలో ఉందంటోంది, మామ్మా."

"అయితే ఆ ఉప్పునీళ్ళే తాగమంటందా?"

సత్యవేణి ఫోను చూసుకుంటూ ఊరివైపు నడిచింది. మూడొందల అడుగులు దాటాక యాప్ ఒప్పుకుంది. ఆ చోటు శ్మశానం. మామ్మ మొగుణ్ణి పూడ్చింది అక్కడే. వేరే దారిలేక మామ్మ పేరున అక్కడే పాయింటు పెట్టింది.

"ముందే ఎల్లి కూకోమంటావా తల్లీ?" అంది వెనకే వచ్చిన మామ్మ.



మర్నాడు పొద్దున్నే నీళ్ళబండి సమాధుల మధ్య ఆగి, నూకాలును పేరుపెట్టి పిలిచింది.

"వత్తన్నా" అంటూ మామ్మ బిందె చంకనెత్తుకుంది.