మెడ కదలకూడదు

"ఇది కూడా పోయింది!" అంటూ టెక్నీషియన్ స్కాన్ గదిలోంచి విసురుగా బయటికొచ్చాడు. "పెద్దావిడ తాలూకు ఎవరండీ?"

కోడలు గబుక్కున లేచింది. అతను కంప్యూటర్ తెర చూపించాడు. మెడ బొమ్మ ఉండాల్సిన చోట నీళ్ళలో చెదిరిన సిరాలా ఓ మరక తప్ప ఏమీ లేదు.

"ఇందులో గడ్డ ఎక్కడుందో మీరే చెప్పండి చూద్దాం! కెమెరా నడిచినంతసేపూ ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు. మాట్లాడితే గొంతు కదులుతుంది. గొంతు కదిలితే బొమ్మ చెదురుతుంది. గోడకి చెప్పుకున్నా వినేది!"

"ఇంకొక్కసారి తీయండి, ప్లీజ్."

"ఇదే ఆఖరు. సూదితో ఎక్కించిన మందు తగ్గిపోతూ ఉంటుందమ్మా. ఈసారీ ఇంతే అయితే మరో రోజు వచ్చి మళ్ళీ మొదటినుంచీ. రేపు పెద్ద డాక్టరుగారు ఏం చూసి నిర్ణయిస్తారు? మీరు పక్కనే నిలబడి ఆవిడ నోరు మూయించండి."

మెడలోని గడ్డ ఆ మందుని పీల్చుకుని వెలిగితే గండం గడిచినట్టే. వెలగకుండా చీకటిగా మిగిలిపోతే కాన్సరేమోనన్న అనుమానం, సూది పరీక్ష, ఆపైన బహుశా ఆపరేషన్. ఈ బొమ్మ కోసమే కోడలికి వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు. అత్తగారికేమో చీమ కుట్టినట్టయినా లేదు!

భుజాల కింద దిండు, గడ్డం పైకి. బల్ల మీద అలా పడుకున్న అత్తగారు కోడలి అడుగుల చప్పుడు పసిగట్టింది.

"వచ్చావా? మీ మామయ్య బీపీ మాత్ర..."

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. మాట్లాడకండి."

"మాట్లాడనులే, ఒక్క ముక్క. ఆయన వేసుకున్నానంటే నమ్మకు. బుగ్గన పెట్టుకుని సింకులో ఉమ్మేస్తాడు."

కెమెరా మెల్లగా కిందికి దిగి మెడకి దగ్గరగా ఆగింది. గది నిశ్శబ్దమైంది. కోడలు ఊపిరి పీల్చుకునేంతలో గొంతు మళ్ళీ లేచింది.

"నీ మొగుడికి కోపమొస్తే తిండి మానేస్తాడు. బతిమాలావో, నెత్తికెక్కుతాడు. కంచం ముందు పెట్టేసి నీ పని నువ్వు చూసుకో. వాడే తింటాడు."

అద్దం వెనక టెక్నీషియన్ తల పట్టుకున్నాడు.

"అత్తయ్యా!"

"ఇదొక్కటీ విను. నీ చిన్న కూతుర్ని చదువు చదువు అని నలుగురిలో తిట్టకు. అది పైకి నవ్వేసి దుప్పటి కప్పుకుని ఏడుస్తుంది..."

కోడలి సహనం కట్టలు తెంచుకుంది. "ఇంట్లో విన్నది చాలలేదా? ఇక్కడ కూడానా? ప్రాణం మీదికొచ్చినా మీ నోటికి మూత పడదా?"

పెద్దావిడ నోరు టక్కున మూసుకుంది. కళ్ళు మాత్రం పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయాయి. మందు బలం ఇంకా కాస్త మిగిలుందని టెక్నీషియన్ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఈసారి ఆవిడ గుటక కూడా వేయలేదు.

బొమ్మ చూసి అక్కడి డాక్టరమ్మ నవ్వింది. "ఇదిగో, గడ్డ దీపంలా వెలుగుతోంది. ఇలాంటివి కాన్సర్ కావడం చాలా అరుదు. ఆపరేషన్ దాకా పోనక్కర్లేదు, మాత్రలతో మొదలుపెడదాం. రేపు పెద్ద డాక్టరుగారూ ఇదే అంటారు."

కోడలికి కొండంత బరువు దిగింది. దిగిన చోటే ఓ ముల్లు గుచ్చుకుంది. వరండాలో పక్కపక్కనే నడుస్తున్నా అత్తగారు పెదవి విప్పడం లేదు.

"ఇప్పుడు మాట్లాడొచ్చత్తయ్యా. ఏదో విసుగులో నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. అయినా ఆ కాస్సేపు ఓపిక పట్టలేకపోయారా? ఆ మాటలు ఇంటికెళ్ళాక చెప్తే ఏం పోయేది?"

అత్తగారు ఆగి కోడలి చెయ్యి పట్టుకుంది.

"మొన్న నువ్వు మందుల షాపుకెళ్ళినప్పుడు పెద్ద డాక్టరు నాతో అన్నాడు, కోస్తే మాట పోయినా పోవచ్చని... ఆ మిషను కిందికి వెళ్ళగానే నీకు చెప్పకుండా మిగిలిపోయినవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఇంక తొందరేముంది, పద, రోజుకొకటి చెప్తాలే."