ఓడెక్కొచ్చా, కెప్టెన్?

సోదరా, మనసులోనే క్షమిస్తే సరిపోతుందా?

తల్లి చావుకి ఓడ దిగి రాలేదని నావికుడైన తండ్రితో ఒక కొడుకు మాట మానేశాడు. నిన్న ముసలాయన్ని కొడుకు గుమ్మం దాకా నేనే నడిపించాను. తలుపు తీసే ఉంది.

"ఓడెక్కొచ్చా, కెప్టెన్?" అన్నాడాయన. నావికుడికి ప్రతి గుమ్మమూ ఓడే. పిలుపు లేనిదే కాలు పెట్టడు.

లోపల కొడుకు గుమ్మం వైపు చూస్తూ కూర్చునే ఉన్నాడు.

"దూరిపోవయ్యా, నీ కొడుకిల్లేగా!" అన్నాను.

"ఆర్డరు రాలేదండీ," అని నవ్వబోయి వెనుదిరిగాడు. సాయంత్రానికి గుండె ఆగింది.

శవపేటిక మీద పడి కొడుకు ఏడ్చాడు: "ఆయనే వచ్చేస్తాడనుకున్నానండీ! నాన్నకని ఓడలో ఉండేలాంటి బంకు మంచం పరిచి, కొత్త దుప్పటి కూడా వేశాను."

దేవుని వాక్యంలో, తప్పిపోయిన కుమారుణ్ణి చూసి తండ్రే పరుగెత్తాడు. నువ్వింకా కూర్చునే ఉన్నావా? లే! ఈరోజే, ప్రొద్దు గుంకకముందే వెళ్లి, "రా నాన్నా" అని నోరారా పిలువు.