ఎవరి కోసం తీశావు?

“ఎవరి కోసం తీశావు ఈ సినిమా?”

నైగాగ మేడమ్ బలికోవాను క్లాసు ముందు నిలబెట్టి అడిగింది. సరస్సు ఒడ్డున జింజా పట్నంలోని ఆ ఫిల్మ్ స్కూల్లో ఆఖరి ఏడాది వాళ్లంతా తమ సినిమాతో పాటు ఒక కాగితం నింపి ఇవ్వాలి. చూసేవాళ్లు ఎవరు, వాళ్ల వయసెంత, ఏం పని చేస్తారు, ఎందుకు చూస్తారు అని అందులో గళ్లుంటాయి. బలికోవా తన పేరు తప్ప ఇంకేమీ రాయలేదు.

“ఎవరైనా చూడొచ్చు మేడమ్” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“ఎవరైనా అంటే ఎవరూ కాదు. తినేవాళ్లెవరో తెలియకుండానే గంపెడు మటోకె అరటికాయలు ఉడికించి కూర్చున్నావన్నమాట.”

క్లాసంతా గొల్లుమంది. బలికోవా నవ్వలేదు.

నిజానికి ఆ ఏడు వచ్చినవాటిలో అతని సినిమాయే గొప్పదని ఆవిడ నమ్మకం. నిడివి ఎనిమిది నిమిషాలు. ఫోను కొట్టేశాడని ముగోయా అనే పడవ కూలీని రేవులో జనం కొట్టి చంపేస్తారు. రెండేళ్ల కిందట ఊరి చివరి చేపల రేవులో అచ్చంగా జరిగిందే. కుర్రాడి పేరు కూడా మార్చలేదు. ఇంత బాగా తీసినవాడు ఒక్క కాగితం నింపలేకపోవడం ఏమిటని ఆవిడ చిరాకు. ఆ రేవులోనే వేసి చూపిద్దాం, చూసేవాళ్లెవరో వాళ్లే చెబుతారు అంది. అక్కడ వద్దు మేడమ్ అని అతను రెండుసార్లు బతిమాలాడు. తీసినవాడికి చూపించడానికి సిగ్గేమిటని ఆవిడ కసిరి, మర్నాడు పొద్దున్నే వెంటబెట్టుకుని వెళ్లింది.

టీ పాకలో చేపల పెట్టె బోర్లించి దానిమీద లాప్‌టాప్ పెట్టారు. చేపలమ్మే ఆడవాళ్లు, వలలు బాగుచేసుకునే మగవాళ్లు ఓ పాతికమంది మూగారు. మొదట పడవలు కనిపిస్తుంటే ఇది ఫలానావాడి పడవలా ఉందని పరాచికాలాడారు. ముగోయా పేరు వినిపించగానే పరాచికాలు ఆగిపోయాయి. సినిమా సగంలో ఉండగానే ఒకడు వల ఎండబెట్టాలని లేచాడు. ఒకావిడకి పొయ్యి గుర్తొచ్చింది. చివరికి ఏడెనిమిది మంది మిగిలారు.

నైగాగ పెన్సిలు తీసి వరసగా అడగడం మొదలుపెట్టింది. ఒకామె ఆ రోజు చర్చిలో ఉందట. ఇంకొకామె చావింటికి వెళ్లిందట. పడవ యజమాని అసలు అవతలి దీవిలో ఉన్నాడట. వాళ్లు చెప్పేది వింటుంటే ఆ రోజు రేవులో మనిషన్నవాడే లేనట్టుంది. అలా చెబుతూ ఎవరూ ఆవిడ మొహంలోకి చూడలేదు.

ఆవిడ బలికోవా చెవిలో, “దొరికారు చూడు. ఆ రోజు నిలబడి చూసినవాళ్లే నీ ప్రేక్షకులు” అని, ఖాళీ గడిలో రాసుకుంది. పాతిక నుంచి యాభై ఏళ్లు, చేపల పని. బలికోవా పాక గుంజకి ఆనుకుని, టోపీ కళ్లమీదికి లాక్కుని నిలబడ్డాడు.

వెనక ఒక పెద్దామె, కర్రపెండలం వేపుళ్ల పళ్లెం చంకన పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా కూర్చోకుండా చూసింది. నైగాగ హుషారుగా ఆమె దగ్గరికి వెళ్లి వయసడిగింది. యాభై రెండు అంది.

“సినిమా నచ్చిందా అమ్మా? ఐదు మార్కులకి ఎన్ని వేస్తారు?”

ఆమె పళ్లెం రెండో చంకకి మార్చుకుంది.

“మావాడు అంతగా అరవలేదమ్మా. ఒక్కసారి నన్ను పిలిచాడు, అంతే.”

ముగోయా తల్లి నముకోసె అని టీ పాకవాడు గొణిగాడు.

నైగాగకి చేతిలో పెన్సిలు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న తల్లిని మార్కులడిగిందే! కాగితం నలిపి గుప్పిట్లో దాచుకుని, ఆ చేపల బురదలోనే మోకరిల్లి క్షమించమంది. నముకోసె ఆవిడ భుజం పట్టి లేవదీసింది.

“నీదేం తప్పుందమ్మా, తెలియక అడిగావు. ఇందాక లేచిపోయినవాళ్లమీద కూడా నాకు కోపం లేదు. ఒక్కొక్కరే మా గుమ్మంలోకి వచ్చి ఏడ్చి వెళ్లారు. పడవాయన గొయ్యి తవ్వాడు. చర్చిలో ఉన్నానందే, ఆవిడ నాకు నెల్లాళ్లు గంజి కాచి పోసింది. వాళ్లకిది చూపించి ఏం లాభం? ముందు ‘దొంగ’ అని అరిచినవాడున్నాడే, వాడొక్కడే రాలేదు. చేపలు కొనుక్కోవడానికి వచ్చిన కుర్రాడంట, మళ్లీ ఎవరికీ కనపడలేదు. చూపిస్తే వాడికి చూపించండి.”

నైగాగ తలెత్తలేకపోయింది. ఇన్నేళ్లుగా పిల్లలచేత తను నింపించిన గళ్లన్నీ ఒట్టి తెలివితక్కువగా తోచాయి. మెల్లగా అంది, “వాడెక్కడున్నాడో తెలిస్తే తప్పకుండా చూపిస్తామమ్మా.”

బలికోవా టోపీ తీశాడు. పాక గుంజ వదిలి నాలుగడుగులు ముందుకు వచ్చి, నముకోసె కాళ్లముందు కూలబడ్డాడు.

“వాడు చూశాడమ్మా. సినిమా కత్తిరించి కూర్చిన ప్రతిసారీ చూశాను. పోయిందనుకున్న ఫోను ఆ సాయంత్రం నా సంచి అడుగునే దొరికింది.”