కొసరు చుక్కలు

వైదేహి నూరో చుక్క పెట్టి, తెర మీద బండల నీడల్లోకి వంగి చూసింది.

ఏది రాయో, ఏది ప్రాణమో తేల్చడమే ఆమె ఉద్యోగం. భూమికి అట్టడుగున, మనిషి కాపురం లేని ఒక దీవి మీద డ్రోన్ తీసిన ఫొటోలు గల్ఫ్‌లో, కరామా పేటలోని వాళ్ల ఆఫీసుకు వస్తాయి. కనిపించిన ప్రతి సీల్ మీదా ఒక ఎర్ర చుక్క పెట్టాలి. చుక్కలన్నీ కలిపితే దీవి జనాభా.

రెండు వందల ఏళ్ల కిందట బొచ్చు కోసం మనుషులు ఆ దీవిని ఊడ్చిపెట్టేశారు. మిగిలినవి గుప్పెడు. వాటి మునిమనవల మునిమనవలే ఇప్పుడు ఆ బండలు నింపుతున్నారు. ఆ సంగతి చదివిన రోజే వైదేహికి ఆ జీవాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నల్లపిల్లల మధ్య తెల్లగా మెరుస్తున్న ఒక్కదానికి ‘మీగడ’ అని పేరు కూడా పెట్టుకుంది.

“క్లయింట్ ఎవరండీ?” అని చేరిన కొత్తలో ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, అడిగింది.

ముదీర్ ఆసిమ్ హైదరాబాదు మనిషి. “పేరు మనకు చెప్పరమ్మా. పదివేలు దాటినయా లేదా, గదొక్కటే వాళ్లకు కావాలె. దాటకుంటే ప్రాజెక్ట్ ఖలాస్.”

దాటకపోతే ఇక వాటిని పట్టించుకునే నాథుడే ఉండడన్నమాట అనుకుంది వైదేహి. ఆ మాట ఆమెను నిద్రలో కూడా వదల్లేదు.

కైకలూరులో వాళ్ల నాన్నగారు సుబ్బరాజు చేపపిల్లలు అమ్మేవారు. వందకు ఐదు కొసరు వేస్తేగానీ సంచి మూతి కట్టేవారు కాదు. “దారిలో పోయేవి పోగా, చెరువులో దిగేసరికి లెక్క సరిపోవాలమ్మా” అనేవారు.

కూతురి చేతికీ అదే అలవాటు అబ్బింది. వంద చుక్కలు నిండగానే, బండల నీడల్లో మరో ఐదు పెట్టేది. కెమెరా కంటికి ఆనని పిల్లలు ఆ మాత్రం ఉండవా అని ఆమె ధీమా.

అల్ నహ్దాలోని ఇంట్లో భోజనాల దగ్గర భర్త మహీధర్‌కు చెబితే, అతను ముద్ద ఆపి నవ్వాడు.

“సీళ్లకి కూడా కొసరేనా? మీ నాన్న కూతురివనిపించావ్.”

“నవ్వకండి. ఒకసారి తుడిచిపెట్టుకుపోయిన జాతి. నాలుగు చుక్కలు ఎక్కువ పెడితే మన సొమ్మేం పోయింది?”

“దొరికిపోతే నీ ఉద్యోగం పోద్ది.”

“పోతే పోనివ్వండి. అవి బతుకుతాయి కదా.”

మూడు నెలలకు పని ముగిసింది. నిజంగా కంటికి కనిపించినవి తొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్బై. కొసరు నాలుగు వందల తొంభై. పదివేల మూడు వందల అరవై అని రాసి పంపించింది. రిమార్కుల గడిలో ఇంకో మాట కూడా చేర్చింది: ‘ఉత్తరపు ఒడ్డున, చీలిన బండ పక్కన ఒక తెల్ల పిల్ల ఉంది. దయచేసి జాగ్రత్తగా చూసుకోండి.’

అప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఎవరైనా చుక్కలు తిరిగి లెక్కపెడితే? కొసరు బయటపడితే? ఏప్రిల్ వానలకు అల్ నహ్దా వీధులు చెరువులై, ఆఫీసుకు వెళ్లే దారి లేక ఇంట్లో కూర్చున్న వారమంతా అదే దిగులు. ఉద్యోగం గురించి కాదు. పదివేలు దాటని దీవిలో మీగడ దిక్కులేనిదైపోతుందని.

నీళ్లు తీశాక ఆఫీసుకు వెళ్లేసరికి, ఆసిమ్ కునాఫా మిఠాయి డబ్బా పట్టుకుని ఎదురొచ్చాడు.

“మబ్రూక్ వైదేహమ్మా. నీ లెక్క మీద అక్కడి సర్కారు ముద్ర పడ్డది. క్లయింట్ మస్తు ఖుష్ ఉన్నడు. నీ పేరు మీదనే మెయిల్ పెట్టిండు, చూస్కో.”

వైదేహికి కళ్లనీళ్లు తిరిగాయి. నాన్నగారు బతికుంటే ఇప్పుడే ఫోన్ చేసేది. మహీధర్‌కు మాత్రం ‘మా నాన్న కొసరే గెలిచింది’ అని మెసేజ్ పెట్టింది. కునాఫా ముక్క నోట్లో వేసుకుని, మెయిల్ తెరిచింది.

‘పదివేలకు పైబడిన మూడు వందల అరవై సీల్ పిల్లల తోళ్లు ఒలుచుకోవడానికి మా ఫర్ కోట్ల కంపెనీకి ఈ సీజన్‌కు అనుమతి దొరికింది, అన్నిటికన్నా ఖరీదైన ఆ తెల్ల పిల్ల ఎక్కడుందో కూడా రాసి పంపినందుకు మీకు ప్రత్యేక కృతజ్ఞతలు.’