పక్క గది సంతకం

"ముందు పక్క గది ఆయన సంతకం పెట్టాలి పెద్దమ్మా, తర్వాతే నేను," అన్నాడు వ్యవసాయాధికారి, పొద్దున్నే.

ఈ మాట వినడం పెద్దమ్మకి తొమ్మిదోసారి.

ఆమెకున్నది అడవి అంచున రెండెకరాలు. ఈమధ్య వానకి పిచ్చెక్కింది. నెలంతా కురవాల్సింది రెండు రోజుల్లో కుమ్మరించేసి ముఖం చాటేస్తోంది. ఆ నీళ్ళు పట్టుకోవాలంటే పొలం పైభాగాన ఒక కుంట తవ్వాలి. తవ్వకపోతే ఈ ఏడూ పైరు ఎండుతుంది. ఎండితే పొలం అమ్ముకోవడమే. కొడుకూ కోడలూ అనుమతి కాగితం కోసం ఎదురుచూస్తూ గడ్డపారలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు.

కుంట తవ్వి తీరాలని వ్యవసాయాధికారి పట్టు. తవ్వితే అడవి చెట్ల వేళ్ళు తెగుతాయని అటవీ అధికారి పట్టు. ఆ చెట్లే లేకపోతే ఈ మాత్రం వానా రాదంటాడాయన. అదీ నిజమే. ఎండాకాలమంతా పెద్దమ్మ గేదె నిలబడేది వాటి నీడలోనే.

ఈయనకీ ఆయనకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. గదులు పక్కపక్కనే. ఉత్తరాలు మాత్రం నగరంలోని పెద్దాఫీసు చుట్టూ తిరిగి పదిహేను రోజులకి చేరతాయి. "మీకు చెట్టంటే గౌరవం లేదు" అని ఆయన రాస్తే, "మీకు మనిషంటే లెక్కలేదు" అని ఈయన రాశాడు. అది చదివి ఆయనకి రెండు రోజులు అన్నం సయించలేదట.

భోజనాల వేళ దాటాక పెద్దమ్మ అటవీ అధికారి గదిలోకి వెళ్ళింది.

"బాబూ, కుంటని పది అడుగులు కిందికి జరుపుతా. మీ చెట్లకి గోరంత గాయం కాదు. గట్టు మీద ఇంకో ఇరవై మొక్కలు నాటతా. సరేనా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "మాట బాగానే ఉందమ్మా. కానీ ముందు ఆయన సంతకం పెట్టాలి. నేను పెడితే లొంగిపోయినట్టుంటుంది."

"పొద్దున ఆయనా అచ్చం ఇదే అన్నాడు!"

"చూశావా, ఎంత పొగరో!"

పెద్దమ్మకి ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది.

"ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే మీ సొమ్మేం పోతుంది నాయనా?"

"ఆయనతోనా? చచ్చినా మాట్లాడను."

కిటికీ బయట మబ్బు కమ్ముకొస్తోంది. పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది. అటవీ అధికారి మెత్తబడ్డాడు.

"సరే, ఏడవకు. వెళ్ళి ఆయన్ని అడుగు. ముందు ఆయన పెడితే వెనకే నేనూ పెడతా. ఒట్టు."

"ఇప్పుడు సీట్లో ఉంటాడా?"

"ఒక్క నిమిషంలో ఉంటాడు."

అని, అటవీ అధికారి టోపీ తీసి బల్ల మీద పెట్టి, మధ్య తలుపు తోసుకుని పక్క గదిలోకి నడిచి, వ్యవసాయాధికారి కుర్చీలో సర్దుకుని కూర్చుని, "రా పెద్దమ్మా, ఏమంటాడు ఆ మొండి మనిషి?" అని ఆప్యాయంగా అడిగాడు.