పొదిగే పిట్ట

"నా బిడ్డ భద్రాచలం బస్సుల నిలబడి టికెట్లు కొడతది. నువ్వు ఇంట్ల కూసోని పిట్టల బొమ్మలు గీస్తవు. ఇదేం సంసారం కోటేష్?"

గుమ్మంలో నుంచే నిలదీసింది అత్త సోమ్లి. పొద్దున్నే ఎర్రుపాలెంలో రైలెక్కి, ఖమ్మంలో దిగి, ఆటోలో ఖానాపురం హవేలికి వచ్చేసింది.

కోటేష్ ఒక చేత్తో పాపను భుజాన వేసుకుని, రెండో చేత్తో పనిలో ఉన్నాడు. చెక్కిన చెక్కకు సిరా పూసి, దానిమీద కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దుతున్నాడు.

"గీసుడు కాదత్తమ్మా, అచ్చు. తెల్లదొరల కాలం నాటి పిట్టల బొమ్మల్ని మళ్ల చెక్కుతున్న. మ్యూజియమోళ్లు అడిగిన్రు."

"గవన్నీ నాకెందుకు? నీకు నౌకరీ దొరికేదాక నా బిడ్డ, మనుమరాలు మా తండాల ఉంటరు."

పాపను విడిచి కోటేష్ ఒక్క పూట ఉండలేడు. బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు.

రంగులద్దిన బొమ్మ ఒకటి తీగ మీద ఆరుతోంది. మడికట్లలో తిరిగే ఉల్లంకి పిట్టల జంట. మట్టిరంగుది గుడ్ల మీద ఒదిగి కూర్చుంది. మెరిసే రంగులది మెడ నిక్కించి నిలబడింది. సోమ్లికి మంచి ఆధారం దొరికింది.

"గిది చూసన్నా నేర్చుకో. తల్లి గుడ్లు పొదుగుతాంది. మగది షోకుగ తయారై మేతకు పోతాంది. పిట్టలకున్న పాటి బుద్ధి నీకు లేకపాయె."

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కవిత, తల్లి మాట విని పకపకా నవ్వింది.

"అప్పట్ల ఈ బొమ్మ గీసిన తెల్లదొర గూడ నీ లెక్కనే అనుకున్నడమ్మా. రంగులున్నది మగదని రాసిండు. నీ అల్లుడు ఆ తప్పే దిద్దుతుండు."

"ఏంది తప్పు?"

"ఈ పిట్టల్ల సోకంతా ఆడదానిదే. గుడ్లు పెట్టి బయట తిరుగుతది. పొదిగేది, పిల్లల్ని సాకేది మగదే."

సోమ్లి బొమ్మ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. తర్వాత అల్లుణ్ణి చూసింది. అతని భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోతున్న మనవరాలిని చూసింది.

ఆమె సంచి కింద పెట్టి, చాప మీద చతికిలబడింది.

"నేను నలుగుర్ని కన్న. మీ మామ ఒక్కరి ముడ్డి గూడ కడగలే," అంది మెల్లగా. "గసొంటిదే ఇంకోటి పెద్దగ అచ్చు తియ్యి అల్లుడా. ఆయన మంచానికి ఎదురుంగ కడత."