ఎం-వన్

"సార్, ఈయన ఏమీ చెప్పట్లేదండి. అట్టముక్క చేతిలో పెడుతున్నాడు," అంది లావణ్య.

మురళీకృష్ణ తలెత్తి చూశాడు.

రిజిస్ట్రేషన్ బల్ల ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పంచె, మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో బట్టల కొట్టు సంచి. తువ్వాలు ముందువైపు తడిసి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా దాని కింద గరగరమంటోంది.

మురళీకృష్ణ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

2003 డిసెంబరు. రాజమండ్రిలో ఒక హోటల్ రెండో అంతస్తు. మనుషుల భాషని కంప్యూటర్లలో పనికొచ్చేలా వాడుకోవడం ఎలా అన్నదాని మీద అంతర్జాతీయ సదస్సు. తొమ్మిది దేశాల నుంచి వచ్చారు. సదస్సు కార్యదర్శి మురళీకృష్ణ.

పదకొండింటికి అతని మెషీన్ మాట్లాడాలి. గోదావరి నీటిమట్టం అంకెల్లో ఇస్తే, ఫోన్ చేసిన రైతుకి తెలుగులో చదివి చెప్పే మెషీన్. ఐదేళ్ల పని. జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ సిఫార్సు చేస్తే ఇంకో మూడేళ్లు నడుస్తుంది. లేకపోతే ఇవాళ్టితో సరి.

ఇలాంటి పూట ఇదొకటి.

మురళీకృష్ణ రోజూ నిడదవోలు నుంచి పాసింజర్‌లో వస్తాడు. కొవ్వూరులో మూగవాళ్లు ఎక్కి, కూర్చున్నవాళ్ల ఒళ్లో అట్టముక్కలు పెడుతూ పోతారు. వంతెన దాటేలోపు వెనక్కి వచ్చి ఏరుకుంటారు. వాటి మీద ఏముంటుందో పదేళ్లుగా అతనికి తెలుసు. చదవక్కర్లేదు.

అట్టముక్క మీద రెండు రూపాయల బిళ్ల పెట్టి ముసలాయన వైపు జరిపాడు.

ముసలాయన బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. అట్టముక్క మళ్లీ ఇటు జరిపాడు.

"రెండు చాలవంట సార్," లావణ్య నవ్వింది.

"ఫారిన్ వాళ్లొచ్చారని పేపర్లో వేశారుగా. రేటు పెంచుంటాడు." మురళీకృష్ణ అట్టముక్క తీసి జేబులో పడేసుకున్నాడు. "ఇది చేతిలో ఉంటే లోపలికెళ్లి ఒక్కొక్కళ్ల ఒళ్లోనూ పెడతాడు. సత్తియ్యా!"

వాచ్‌మన్ వచ్చాడు.

"ఆ సంచిలో ఏముందో చూడు."

"టేప్‌రికార్డరండి. పాతది. ఎక్కడో ఎత్తుకొచ్చినట్టున్నాడండి."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. హాలు తలుపు వైపు వేలు చూపించాడు. తర్వాత తన చెవి చూపించుకున్నాడు.

"సరే సరే, కింద విందూగాని పద బాబాయ్," సత్తియ్య రెక్క పట్టుకున్నాడు.

పదకొండింటి ప్రదర్శన పన్నెండుకి మొదలైంది. ప్రారంభోపన్యాసానికి నిన్న రాని ప్రజాప్రతినిధి ఇవాళ వచ్చి, తెలుగు తీయదనం మీద నలభై నిమిషాలు ఇంగ్లీషులో కాగితం చదివాడు. సగం మంది నిద్రపోయారు. మిగతా సగం భోజనాల గది వైపు చూస్తున్నారు.

మురళీకృష్ణ అంకెలు కొట్టి మీట నొక్కాడు.

"ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు. మొదటి ప్రమాద హెచ్చరిక. లంకల్లో ఉన్నవాళ్లు గొడ్డూ గోదా తోలుకుని గట్టుకి వచ్చెయ్యాలండి."

నిద్రపోతున్నవాళ్లు లేచారు. ప్రొఫెసరమ్మ పెన్ను కింద పెట్టింది. చప్పట్లు మోగాయి.

అప్పుడు కనిపించింది ఆ మొహం. ముసలాయన మళ్లీ పైకి వచ్చేశాడు. తలుపు అద్దానికి చెవి ఆనించి, సంచి గుండెకి పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. తువ్వాలు రాసుకుని అద్దం మీద తడి చార పడింది.

మురళీకృష్ణ విసురుగా బయటికి వచ్చాడు.

"థూ! ఏంటయ్యా ఇది? నీకొకసారి చెప్తే అర్థం కాదా?"

ఆ మాట ముసలాయనతో అన్నాడో సత్తియ్యతో అన్నాడో సత్తియ్యకి తెలియలేదు.

"ఈసారి గేటు దాటించి రా. అద్దం ఫినాయిల్‌తో తుడిపించు."

ముసలాయన మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

భోజనాల దగ్గర ప్రొఫెసరమ్మ తనే వెతుక్కుంటూ వచ్చింది.

"సిఫార్సు చేస్తాను. కానీ ఇదే గొంతు కావాలి. ఇంకో వంద గంటలు రికార్డు చెయ్యండి. ఎవరది?" ఇంగ్లీషులో అడిగింది.

"ఎం-వన్ అంటామండి. మగవాళ్లలో మొదటి గొంతు."

"పేరు?"

మురళీకృష్ణకి తెలియదు. పరిశోధన పత్రంలో రాయలేదు. ఐదేళ్ల కిందట స్టూడెంట్లు ధవళేశ్వరం వెళ్లి, వరదలప్పుడు జీపు మీద మైకులో చెప్పే మనిషిని పట్టుకుని, పదహారు రోజులు కూర్చోబెట్టి చదివించి, మెషీన్ కోసం రికార్డు చేసుకొచ్చారు. అతను ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు.

"ధవళేశ్వరం ఎంతండి, బస్సెక్కితే అరగంట. సాయంత్రానికల్లా పిలిపిస్తాను."

"నేను ఆయన్ని చూడాలి," అంది ఆమె.

తప్పకుండా అన్నాడు. విజిటింగ్ కార్డు ఇద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. అట్టముక్క వచ్చింది.

"ఏం రాసుంది?"

"ఏం లేదండి, ముష్టి..." అంటూ దాన్ని తిప్పాడు.

రైల్లో ఇచ్చేవి అచ్చువేసినవి. ఇది శుభలేఖ వెనక పెన్నుతో రాసింది.

తలుపు వైపు నుంచి ఫినాయిల్ వాసన వచ్చింది. తలుపవతల రిజిస్ట్రేషన్ బల్ల మీద రెండు రూపాయల బిళ్ల పెట్టినచోటే ఉంది.

'అయ్యా, నా పేరు మార్కండేయులు, ధవళేశ్వరం. పోయినేడు ఆపరేషన్‌లో నా గొంతు తీసేశారు. ఇంట్లో నా మాట ఎక్కడా దాచుకోలేదు, ఒక్క రెండు నిమిషాలు రికార్డు చేసి పట్టుకెళ్దామని క్యాసెట్ తెచ్చుకున్నాను, పదకొండింటికి మీ మెషీన్‌లో మాట్లాడేది నేనేనండి.'